సున్నం బొట్టు దోసకాయ

గౌరీశ్వరికి రైతుబజారు మీద ఒకే ఒక్క కోపం. అక్కడ ధరలు బోర్డు మీద రాసేస్తారు. బెండకాయలు ఇంత, వంకాయలు ఇంత అని పొద్దున్నే ఎవరో సుద్దముక్కతో రాసిపోతే ఇక ఆడదానికి నోరెందుకు? తణుకు పక్క పల్లెలో, బేరమాడకుండా కొన్న కూర ఒంటికి పట్టదని నమ్మే అమ్మమ్మ చేతుల్లో పెరిగిన మనిషి ఆవిడ. పోర్టులో క్రేన్ నడిపే తాతబాబుని చేసుకుని విశాఖపట్నం వచ్చింది, గోపాలపట్నంలో కాపురం పెట్టింది, కూతుర్ని చదివించి ఉద్యోగస్తురాలిని చేసింది. ఇన్ని చేసినా ఆ విద్యని మాత్రం వదల్లేదు. బోర్డు వచ్చి బేరాన్ని మింగేశాక ఆవిడ తెలివంతా కొసరు మీదికి మళ్లింది. కొసరుకి బోర్డు లేదు. కలెక్టరు గారు వచ్చినా దాని రేటు ఇదీ అని చెప్పలేరు.

ఆ కొసరు భారమంతా మోసే మనిషి పేరు చిట్టెమ్మ. సబ్బవరం అవతల చిన్న పల్లె ఆవిడది. తెల్లారకముందే ఆటోలో బుట్టలు వేసుకుని వచ్చి, బజారులో వేపచెట్టు వైపు ఉన్న మూల దుకాణంలో కూర్చుంటుంది. నోట్లో ఎప్పుడూ తాంబూలం, మాటలో ఎప్పుడూ పుల్లవిరుపు. ప్రతి శనివారం ఈ ఇద్దరు ఆడవాళ్లూ ఒక కరివేపాకు రెబ్బ కోసం, రెండు పచ్చిమిరపకాయల కోసం పోట్లాడుకునే తీరు చూసి, కొత్తగా వచ్చినవాళ్లు వీళ్లకి పాత పగలేవో ఉన్నాయనుకుంటారు. పగలేమీ లేవు. తాతబాబుకి పచ్చకామెర్లు వచ్చిన ఏడాది, ఎవరూ అడక్కుండానే, వారం వారం నేల ఉసిరి వేళ్లతో సహా పీకి తెచ్చి గౌరీశ్వరి సంచిలో పడేసింది చిట్టెమ్మ. డబ్బిస్తే తీసుకోలేదు సరికదా, తిట్టింది కూడా. అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్యా ఒక ఆనవాయితీ పడింది. కొసరు చిట్టెమ్మ పెట్టదు, గౌరీశ్వరే తన చేత్తో తీసుకుంటుంది. బజారు మొత్తంలో ఆ హక్కు ఇంకెవరికీ లేదు. ఆ సంగతి గౌరీశ్వరి తన అక్కచెల్లెళ్లకి ఫోనులో కూడా చెప్పుకుంది.

ఆ జూన్ మొదటి శనివారం గౌరీశ్వరి మంచి హుషారులో ఉంది. మర్నాడు మధురవాడలో పచ్చ పండగ. అక్కడ ఐటీ ఆఫీసులో పనిచేసే కూతురు చంద్రిక, వాళ్ల కాలనీవాళ్లూ కలిసి పర్యావరణం పేరున చేసుకునే వేడుక అది. పాత విత్తనాలు దాచుకునే రైతులెవరైనా ఉంటే పిలవాలని కూతురు అంటే, తల్లి చిట్టెమ్మ పేరు చెప్పింది, వెంటపడి ఒప్పించింది కూడా.

"రేపు వస్తున్నావు కదా? ఆఖరి నిమిషంలో ఆటో దొరకలేదంటే ఊరుకోను" అంది గౌరీశ్వరి, బెండకాయల తోకలు విరిచి చూస్తూ.

"వత్తానన్నాను కదేటి! ఈ రేతిరి మధురవాడ మా సెల్లి కాడే ఉండిపోతాను. మీ అమ్మాయి కోసరం ఒకటి తెచ్చినాను. ఏటో నీకు సెప్పను. రేపు అందరితోపాటే సూద్దువు గాని" అంది చిట్టెమ్మ. చెబుతుంటే ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది.

అంతలో తూకం రాళ్లు సరిచూడడానికి ఆఫీసు గదికి రమ్మని దుకాణాలవాళ్లకి పిలుపొచ్చింది. చిట్టెమ్మ రాళ్లు కొంగులో మూటగట్టుకుని లేచింది.

"అక్కడ ఆలీసం అయిపోద్ది. నీ కొసరు నువ్వు తీసుకొని ఎల్లిపో. నా బుర్ర తినకు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

కొసరుకీ దోపిడీకీ మధ్య ఒక గీత ఉంటుంది. మామూలుగా గౌరీశ్వరి ఆ గీత మీద కాలు పెట్టి ఇవతలే ఆగుతుంది. ఆరోజు మాత్రం రెండు సంచుల కూరలు కొంది. ఇన్ని కొన్నదానికి రెండు మిరపకాయలేమిటి అని మనసు పీకింది. చుట్టూ చూసింది. వెనక బుట్టలో తువ్వాలు కప్పి ఏదో ఉంది. తువ్వాలు తీస్తే, నిండుగా పండి, పసుపు రాసినట్టు మెరుస్తూ, కమ్మటి వాసన కొడుతూ ఒక దోసకాయ. దాని మీద తెల్లగా సున్నం మరక. తాంబూలం వేసుకునే మనిషి, చెయ్యి తుడుచుకుని ఉంటుంది అనుకుంది గౌరీశ్వరి. చీరకొంగుతో ఆ మరకని శుభ్రంగా తుడిచేసి, కాయని సంచిలో వేసుకుని, ఇవాళ చిట్టెమ్మని ఓడించాను కదా అని నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

మధ్యాహ్నానికి దోసకాయ పప్పు అయింది. కాయ కోసి, అలవాటుగా నాలుగు గింజలు నమిలి చేదు లేదని చూసుకుని, మిగతా గింజలూ గుజ్జూ చెంచాతో గీకి, చంద్రిక కొనిచ్చిన ఎరువు డబ్బాలో పడేసింది. కూతురు పోరు పడలేక పెట్టుకున్న డబ్బా అది. మొదట్లో తిట్టుకున్నా, ఇప్పుడు ఒక్క తొక్క కూడా చెత్తబండికి పోనివ్వదు.

తాతబాబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏం కాయే ఇది! పులుపు ఎంతుండాలో అంతే ఉంది. ఇంకో గరిటె వెయ్యి" అన్నాడు.

"కొసరండీ. ఊరికే వచ్చింది" అంది గౌరీశ్వరి గర్వంగా. అప్పుడే ఫోను మోగింది. చంద్రిక.

"అమ్మా, కొంప మునిగింది. చిట్టెమ్మత్త బజార్లో కూర్చుని ఏడుస్తోందట. పక్క దుకాణం ఆవిడ ఫోనులోంచి మాట్లాడింది. రేపటికని తెచ్చిన విత్తనం కాయని ఎవరో ఎత్తుకుపోయారు."

"విత్తనం కాయేంటి?"

"దోసకాయ! వాళ్ల అత్తగారి నాటి విత్తనమట. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదట. మొన్నటి గాలివానకి పాదులన్నీ కుళ్లిపోయి ఒక్క కాయే మిగిలితే, ఎవరూ కొయ్యకూడదని గుర్తుగా సున్నం బొట్టు పెట్టి తీగ మీదే పండించుకుంది. రేపు అందరి ముందూ కోసి, సగం గింజలు పంచి, సగం తొలకరికి నాటుకుంటానంది. నువ్వు పొద్దున్నే వెళ్లావు కదా, ఎవరైనా తియ్యడం చూశావా?"

గౌరీశ్వరి చేతిలోని గరిటె పప్పుగిన్నెలో పడింది.

"నేనా? లేదే! నేనేం చూడలేదు" అనేసింది.

ఫోను పెట్టేసి కంచం వైపు చూసింది. ఆ పప్పు ఒక మనిషి అత్తగారు, ఆవిడ అత్తగారు కాపాడుకుంటూ వచ్చిన విత్తనం. తాతబాబు వేళ్లు నాకుతున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. పోలీసులు వచ్చి పట్టుకుపోయినా ఇంత భయపడేది కాదేమో. రేపటినుంచి చిట్టెమ్మ తన మొహం చూడదు. శనివారం పొద్దున్న సంచి పట్టుకుని ఇంకెవరి దగ్గరికి వెళ్లాలి? వెళ్లి ఎవరితో పోట్లాడాలి?

"ఏవండీ, ఆ కంచం వదిలేసి మేడ మీదికి రండి" అంది.

ఎరువు డబ్బాని మేడ మీద పాత చాప మీద బోర్లించారు. పైన దోస గుజ్జు, కింద నిన్నటి మామిడి తొక్కలు, కాఫీ పిప్పి, మునక్కాయ ఈనెలు. వాసన సంగతి చెప్పక్కర్లేదు. గౌరీశ్వరి టీ వడకట్టు పట్టుకుని కూర్చుంది. తాతబాబు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గింజా ఏరి గిన్నెలో వేశాడు.

"నౌకలోంచి గోధుమలు దింపినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదే నేను" అన్నాడు.

"నవ్వకండి. నా ప్రాణం పోతోంది."

"నవ్వడం లేదు. ఒసేయ్, ఇది దోస గింజా, మిరప గింజా?"

కడిగినా గింజల జిగురు వదల్లేదు. ఇలాంటప్పుడు అమ్మమ్మ గింజల్ని బూడిదలో దొర్లించి ఎండబెట్టేదని గౌరీశ్వరికి గుర్తొచ్చింది. బూడిద! గ్యాసు పొయ్యిలో బూడిదెక్కడిది? పక్కింటివాళ్లది కరెంటు పొయ్యి. ఎదురింట్లో అగరువత్తి బూడిద ఉంది కానీ అది చిటికెడే. ఊరంతా ఇంత పెద్దదై, ఇన్ని మేడలు లేచి, పిడికెడు బూడిదకి కరువొచ్చింది చూడండి. చివరికి ఆవిడ పళ్లెం పట్టుకుని వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి పరిగెత్తింది. వరహాలు బొగ్గుల పెట్టెతో చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు.

"వరహాలూ, కాస్త బూడిద ఉంటే పెట్టు."

"బూడిదేటమ్మా! మా బాబుగోర్ని ఒగ్గీసి సన్నాసుల్లో కలిసిపోతన్నారేటి?" అన్నాడు వరహాలు. అంటూనే బండి కింద డబ్బాలో ఉన్న మెత్తటి బూడిదంతా ఆవిడ పళ్లెంలోకి ఒంపాడు. ఎందుకని మళ్లీ అడగలేదు. ఆవిడ మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు.

జూన్ ఎండ ఆ సాయంత్రం దాకా దయ తలచింది. కాకులు రాకుండా గొడుగు పట్టుకుని గౌరీశ్వరి ఆ గింజల పక్కనే కూర్చుంది. గొడుగు తనకి కాదు, కాకులని అదిలించడానికి. ఎండకి నెత్తి మాడిపోయింది. తాతబాబు మజ్జిగ తెచ్చిచ్చి, "రేపు ఏం చెప్తావు?" అని అడిగాడు.

"తెలిసినావిడ ఎవరో ఇచ్చారని చెప్తాను. ఆనందపురం ఆవిడ. అచ్చం అదే విత్తనం అని."

"అలాగే చెప్పు. నీ ఇష్టం" అన్నాడాయన, ఏమాత్రం నమ్మకం లేని గొంతుతో.

ఆదివారం పొద్దున్న మధురవాడ కాలనీ పార్కులో అడుగు పెట్టేసరికి పండగ మంచి ఊపులో ఉంది. గేటు దగ్గర ఇనుప తీగలతో అల్లిన పెద్ద చేప ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని పొట్ట నిండా బీచిలో ఏరుకొచ్చిన ప్లాస్టిక్ సీసాలు. ఎవరి గ్లాసు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలని షరతు, అందుకని నలుగురు కలిసిన చోటల్లా స్టీలు గ్లాసుల గలగల. ఒక మూల చోడి అంబలి, అంటే రాగి జావ, పోస్తున్నారు, ఇంకో మూల తాటాకు దొన్నెల్లో ముంజలు పెడుతున్నారు. చెట్టు కింద రెండు కుట్టుమిషన్లు పెట్టి, ఎవరైనా పాత చీర తెస్తే అక్కడికక్కడే సంచి కుట్టిస్తున్నారు. ముఖ్య అతిథి ఎవరో చేతిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాతో కారు దిగి, అందరూ దాని వైపే చూస్తుంటే ఏం చెయ్యాలో తెలియక దాన్ని చేప నోట్లో వేసి చప్పట్లు కొట్టించుకున్నారు. వేరే రోజైతే గౌరీశ్వరి దాని మీద వారం రోజులు నవ్వేది.

చిట్టెమ్మ విత్తనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. ముందున్న బల్ల మీద మాత్రం ఏమీ లేదు. నోట్లో తాంబూలం కూడా లేదు. గౌరీశ్వరిని చూడగానే లేచి చెయ్యి పట్టుకుంది.

"సూసినావా గౌరమ్మా, ఎంత పని అయిపోనాదో. మా అత్త సచ్చిపోతా నా సేతిలో ఎట్టిన ఇత్తనం. నాను నిలపనేకపోనాను."

గౌరీశ్వరి కొంగు కింద మూట పట్టుకుంది. ఆనందపురం ఆవిడ కథ నాలుక చివర ఉంది. ఇంతలో చంద్రిక మైకు తెచ్చి చిట్టెమ్మ ముందు పెట్టింది.

"కాయ లేకపోయినా ఫర్వాలేదు అత్తా. ఆ విత్తనం గురించి రెండు మాటలు చెప్పు చాలు."

చిట్టెమ్మ మైకుని అనుమానంగా చూసి, మొహం దగ్గరికి లాక్కుంది.

"నానేటి సెప్తానమ్మా. తీసినోల్లని తిట్టను. పట్నపోల్లకి సున్నం బొట్టు అంటే ఏటి తెలుస్తాది? ఎవులో ఆకలేసి తినీసుంటారు. కడుపులోకే ఎల్లింది కదా, పోనీ. ఈ గౌరమ్మ లాగ తెలిసినోలైతే ముట్టుకోరు. నా బుట్టలో సెయ్యెట్టి తీసుకునీది ఈవిడొక్కతే. ఎప్పుడూ ఒక మిరపకాయ కూడా ఎచ్చు తియ్యలేదు."

ఆ మాట గౌరీశ్వరికి చెంపదెబ్బలా తగిలింది. ఆనందపురం ఆవిడ ఎటు పోయిందో పోయింది.

"నేనే తీశాను" అంది. మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట పార్కు చివరి దాకా వెళ్లింది. "నేనే తీశానే చిట్టెమ్మా. బొట్టు తుడిచేశాను. పప్పులో వేశాను. అమ్మాయి అడిగితే చూడలేదని అబద్ధం చెప్పాను."

కుట్టుమిషన్లు ఆగిపోయాయి. చంద్రిక నోరు తెరిచి తల్లినే చూస్తోంది. అంతలో జనం వెనకనుంచి తాతబాబు గొంతు వినిపించింది.

"పప్పు మాత్రం చాలా బాగుందమ్మా చిట్టెమ్మా!"

ఎవరో కిసుక్కుమన్నారు. చిట్టెమ్మ నవ్వలేదు. గౌరీశ్వరి మూట విప్పి బల్ల మీద పెట్టింది. బూడిద, బూడిదలో గింజలు.

"గింజలు ఉడకలేదు. పచ్చివే గీకేశాను. ఎరువులోంచి ఏరి, కడిగి, ఎండబెట్టాం. నాలుగు గింజలు చేదు చూడ్డానికి నమిలాను, అవి పోయాయి. మొలుస్తాయో లేదో నాకు తెలీదు. నన్ను ఏమన్నా అను."

చిట్టెమ్మ మూట దగ్గరికి లాక్కుంది. ఒక గింజ తీసి గోటితో నొక్కి చూసింది. "నీల్లు అట్రండి" అంది ఎవరితోనో.

అంబలి దగ్గరనుంచి ఒక స్టీలు బేసిన్ నిండా నీళ్లొచ్చాయి. చుట్టూ జనం మూగారు. పనికొచ్చే గింజ మునుగుతుంది, తాలు గింజ తేలుతుంది, అంతే పరీక్ష. చిట్టెమ్మ మూటలో ఉన్నదంతా నీళ్లలో గుమ్మరించింది. బూడిద తెట్టెలా పైకి లేచింది. గింజలన్నీ తేలాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా మునగలేదు.

గౌరీశ్వరి బల్ల దగ్గరనుంచి వెనక్కి జరిగింది. తల తిప్పేసుకుంది. తాతబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆగండి. ఎండి ఉన్నాయి కదేటి, తాగొద్దా మరి" అంది చిట్టెమ్మ. మోచేతి దాకా చెయ్యీ, చీర అంచూ తడుస్తున్నా పట్టించుకోకుండా చేత్తో నీళ్లని మెల్లగా కలిపింది. బూడిద చెదిరింది. మొదట ఒక గింజ కిందికి జారింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే గుంపులు గుంపులుగా దిగి బేసిన్ అడుగంతా తెల్లగా పరుచుకున్నాయి. పైన మిగిలినవి ఏవో కొన్ని. జనం ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. వాళ్లలో సగం మందికి అవి ఏ గింజలో కూడా తెలియదు.

గౌరీశ్వరి అక్కడే నేల మీద కూలబడి, పెద్ద మనిషినన్న సంగతి మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

చిట్టెమ్మ నీళ్లు వంచేసి, మునిగిన గింజల్ని తీసి, తువ్వాలు మీద ఆరబోసింది. కాసేపటికి అడిగినవాళ్లందరికీ కాగితంలో చిటికెడేసి పొట్లం కట్టి ఇచ్చింది. కుండీలో వేసుకుంటామన్నవాళ్లకి ఇచ్చింది, బడిలో వేయిస్తామన్న టీచరుకి ఇచ్చింది. సీసా చేపకి తినిపించిన ముఖ్య అతిథికి కూడా ఇచ్చింది. మిగిలిన సగాన్ని కొంగు చివర ముడి వేసుకుని, బొడ్లో దోపుకుంది. అందరూ వెళ్లాక గౌరీశ్వరి బెరుగ్గా దగ్గరికొచ్చింది.

"నాకూ నాలుగు గింజలు ఇవ్వవే. మేడ మీద కుండీలో వేసి కళ్లల్లో పెట్టుకుని పెంచుతాను."

"ఇవ్వను."

"ఇంకా కోపమేనా?"

"కోపం ఉంటాది మరి. నిన్న బజార్లో ఎంతేడిసినానో నీకేటి తెలుసు? ఉంటాది. కొన్నాలకి అదే పోద్ది." చిట్టెమ్మ ముడి మీద చెయ్యి వేసుకుంది. "అందుక్కాదు. నీ మేడ మీద దోస కాసిందనుకో, బెండ కాసిందనుకో, శనివారం నా కాడికి ఎందుకొత్తావు నువ్వు? ఇన్నేల్లనుంచి నాతోటి దెబ్బలాడీ మనిషివి నువ్వొక్కర్తివే. నాకు ఇంకెవులున్నారు? ఇత్తనం నా కాడే ఉంటాది. కాయ కావాలంటే నువ్వే రా."

గౌరీశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వస్తాను" అంది.